మోకాలు దాటని మహా లారీ!

హారన్‌ మోగుతుంది. గేర్లు మారతాయి. ట్రైలర్‌ రివర్సులో వచ్చి గోదాముకు ఆనుతుంది. డ్రైవరు మాత్రం పక్కనే నిలబడి ఉంటాడు! రిమోట్‌ లారీల సరదా అది. సరదాయే కదా అని కంటికి నచ్చింది కొనేస్తే... నెల తిరక్కుండానే అది అల్మరా ఎక్కుతుంది. మరి ఎలా ఎంచుకోవాలి?

పసుపు రంగు లారీ. వెనక పొడవాటి కంటెయినర్‌. గోదాము ముందు ఆగింది. వెనక లైట్లు వెలిగాయి. మెల్లగా వెనక్కి కదిలింది. ట్రైలర్‌ కాస్త వంకర పోయింది. మళ్లీ ముందుకు... మళ్లీ వెనక్కి. మూడో ప్రయత్నంలో సరిగ్గా గుమ్మానికి ఆనింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. గోదాములో సరుకు దించే లారీకి చప్పట్లేమిటీ అంటారా? కాస్త కిందికి చూడాలి. ఆ లారీ ఎత్తు 28 సెంటీమీటర్లు. గోదాము ప్లైవుడ్డుది. ఇక డ్రైవరంటారా... అదిగో, మెడలో రిమోట్‌ తగిలించుకుని నిలబడ్డ ఆ పెద్దాయనే!

జర్మనీలోని డోర్ట్‌మండ్‌ నగరంలో ఏటా ఇంటర్‌మోడెల్‌బావ్‌ అనే ప్రదర్శన జరుగుతుంది. అక్కడ ఇలాంటి దృశ్యాలు మామూలే. హాలు నేల మీద రోడ్లు, కూడళ్లు, మట్టి గుట్టలు తయారుచేస్తారు. చిట్టి ప్రొక్లెయిన్‌ మట్టి తవ్వి పోస్తుంది. చిట్టి టిప్పర్‌ దాన్ని మోసుకెళ్తుంది. ఎవరూ పందెం కాయరు, ఎవరూ గెలవరు. లారీ పని లారీ చేస్తుంది... అంతే. ఆ 'అంతే'లోనే ఉంది అసలు మజా.

నడకతో సమానం!

రిమోట్‌ కారు అనగానే రయ్యిన దూసుకెళ్లేదే మనకు గుర్తొస్తుంది. ఈ లారీలు దానికి పూర్తిగా వ్యతిరేకం. వీటిలో బాగా ప్రాచుర్యంలో ఉన్న కొలత 1:14. అంటే అసలు లారీలో పద్నాలుగో వంతు. ఐరోపా నిబంధనల ప్రకారం ట్రైలర్‌తో సహా లారీ పొడవు 16.5 మీటర్లు దాటకూడదు. దాన్ని 14తో భాగిస్తే దాదాపు 118 సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల ఎత్తు కాస్తా 28 సెంటీమీటర్ల పైచిలుకు అవుతుంది.

కొలతలు తగ్గించినప్పుడు వేగమూ తగ్గాలి కదా! హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీని 14తో భాగించి చూడండి. 5.7 కిలోమీటర్లు వస్తుంది. మనిషి చకచకా నడిస్తే వెళ్లే వేగమది. అంతకు మించి పరుగెత్తిందా... ఎంత అందంగా రంగులేసినా అది బొమ్మే అని చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

బరువు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 14ను మూడుసార్లు హెచ్చించాలి. అంటే 2,744. నలభై టన్నుల లారీని దాంతో భాగిస్తే పద్నాలుగున్నర కిలోలు తేలుతుంది. ఖాళీ ప్లాస్టిక్‌ ట్రైలర్‌ తగిలించుకున్న చిట్టి లారీ అంత బరువు ఎక్కడ తూగుతుంది? అందుకే చిన్న గతుక్కే ఎగిరెగిరి పడుతుంది. గచ్చు మీద అర సెంటీమీటరు ఎత్తున్న పలక అంచు దాని లెక్కలో ఏడు సెంటీమీటర్ల గట్టు మరి! అనుభవం ఉన్నవాళ్లు ట్రైలర్‌లో ఇసుక సంచో, ఇనుప ముక్కలో పెట్టేది ఇందుకే. బరువు పడగానే కమాన్‌ పట్టీలు వంగుతాయి. లారీ నింపాదిగా ఊగుతూ నడుస్తుంది.

అందుకే కొనేటప్పుడు మొదట చూడాల్సింది రంగు కాదు. చాలా నెమ్మదిగా, కుదుపు లేకుండా కదలగలదా లేదా అన్నది.

రంపపు మిల్లు నుంచి...

ఈ లారీల గురించి చెప్పుకోవాలంటే జపాన్‌లోని షిజువోకా పట్నానికి వెళ్లాలి. 1946లో యోషియో టమియా అక్కడ కలప వ్యాపారం ప్రారంభించాడు. ఆ వ్యాపారానికే అనుబంధంగా చెక్క బొమ్మల నమూనాలూ చేయించేవాడు. 1951లో అగ్నిప్రమాదం జరిగి కలప నిల్వలు కాలిపోయాయి. కొన్నాళ్లకు కలప వ్యాపారాన్ని పూర్తిగా వదిలి, నమూనాలనే నమ్ముకున్నాడు. అదే నేటి టమియా కంపెనీ.

ఆయన కొడుకు షున్‌సాకు టమియాకు నిజమైన వాహనాన్ని కళ్లారా చూడనిదే నమూనా చేయడం ఇష్టముండేది కాదు. పోర్షె కారు నమూనా కోసం ఏకంగా అసలు పోర్షె 911 కారునే కొని, ఊడదీసి చూశారట! ఆ శ్రమ ఫలితంగా వచ్చిన పోర్షె 934కు రిమోట్‌ జోడించి 1976లో అమ్మకానికి పెట్టారు. అదే ఆ కంపెనీ తొలి రిమోట్‌ కారు. 1981లో టొయోటా హైలక్స్‌ వచ్చింది. మూడు గేర్లు, ఇనుప కమాన్‌ పట్టీలు ఉన్న ఆ బుల్లి ట్రక్కు చాలామందికి కల. 1985లో వచ్చిన బ్రూజర్‌కు ఎంత గిరాకీ అంటే, దాన్ని 2012లో మళ్లీ తయారుచేశారు. ఇక 1993లో కింగ్‌ హాలర్‌ అనే పొడుగు మూతి లారీతో 1:14 లారీల వరస మొదలైంది. 2025లో షున్‌సాకు కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టించిన చిన్న లారీలు మాత్రం దేశదేశాల్లో తిరుగుతూనే ఉన్నాయి.

రోడ్డా? రాళ్లా?

సరే, కొనాలని నిర్ణయించుకున్నారు. మొదటి ప్రశ్న 'ఏ కంపెనీ' అని కాదు, 'ఎక్కడ నడుపుతారు' అని. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు.

ఈ సరదాలో రెండు దారులున్నాయి. ఒకటి రోడ్డు దారి. స్కానియా, వోల్వో, మెర్సిడెస్‌, మ్యాన్‌ లాంటి లారీలు, వాటి ట్రైలర్లు. వీటికి చదునైన నేల కావాలి. అది కూడా విశాలంగా ఉండాలి. ఐరోపాలో పెద్ద లారీలు 12.5 మీటర్ల వ్యాసార్ధంలో తిరగగలగాలని నిబంధన. దాన్ని 14తో భాగిస్తే 89 సెంటీమీటర్లు. అంటే ట్రైలర్‌తో ఒక్క చుట్టు తిరగడానికే దాదాపు 1.8 మీటర్ల వెడల్పు కావాలి. పదడుగుల గదిలో మంచం, బీరువా పోగా మిగిలేదెంత? అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు మేడ మీద డాబానో, సెల్లార్‌లో ఖాళీ జాగానో దొరికితేనే ట్రైలర్‌ లారీ జోలికి వెళ్లడం మంచిది.

రెండోది కొండ దారి. జీపులు, పికప్‌ ట్రక్కులు ఈ కోవలోవి. వీటి కొలత ఎక్కువగా 1:10. అమెరికా కంపెనీ ట్రాక్సస్‌ 2017లో తెచ్చిన టీఆర్‌ఎక్స్‌-4, యాక్సియల్‌ వాళ్ల ఎస్‌సీఎక్స్‌10 ఇందులో పేరున్నవి. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఒక చక్రం గాల్లోకి లేచినా మిగతావి ఆగకుండా డిఫరెన్షియల్‌ను బిగించేసే ఏర్పాటు ఉంటుంది. టీఆర్‌ఎక్స్‌-4లో చక్రాల దగ్గర అదనపు గేర్లు పెట్టి ఇరుసును పైకి లేపారు. దాంతో కింద రాయి తగలదు. వీటికి మైదానాలు అక్కర్లేదు. ఇంటి ముందు ఇసుక కుప్ప, పెరట్లో నాలుగు రాళ్లు, రెండు పూలకుండీలు చాలు. గజం దూరం ఎక్కడానికి పావుగంట పట్టినా విసుగు రాదు.

ట్రైలర్‌ లారీని రాళ్ల మీదికి తోలితే మెత్తటి మట్టిలో కూరుకుపోతుంది, అద్దాలు, బంపర్లు విరుగుతాయి. కొండలెక్కే ట్రక్కును నున్నటి గచ్చు మీద తిప్పితే పది నిమిషాల్లో బోరు కొడుతుంది. తప్పు బండిది కాదు... జాగాది.

మూతి పొడుగా? చదునా?

రోడ్డు దారినే పోదామనుకుంటే రెండో ప్రశ్న. అమెరికా లారీయా, ఐరోపా లారీయా? అమెరికా లారీలకు ముందు పొడుగు ముక్కు ఉంటుంది. ఐరోపావి చదును మొహాలు. దీని వెనక ఓ చట్టం కథ ఉంది. ఐరోపాలో లారీ, ట్రైలర్‌ కలిపి మొత్తం పొడవుకు హద్దు. కాబట్టి క్యాబిన్‌ ఎంత చిన్నదైతే సరుకుకు అంత జాగా. అందుకే ఇంజిన్‌ను డ్రైవరు కిందికి తోసేశారు. అమెరికాలో 1982 చట్టంతో అంతర్రాష్ట్ర రహదారుల మీద మొత్తం పొడవు హద్దు పోయింది, ట్రైలర్‌ పొడవునే చూస్తారు. ఇక ముక్కు ఎంత పొడుగైతేనేం! తర్వాత్తర్వాత అక్కడ చదును మొహాలు తగ్గిపోయాయి.

చిన్న లారీ విషయంలోనూ ఈ తేడా పనికొస్తుంది. పొడుగు ముక్కు లారీకి క్రోమ్‌ మెరుపులు, నిలువు పొగగొట్టాలు అందం. కానీ ఎక్కువ జాగాలో తిరుగుతుంది. రెండు ఇరుసుల చదును మొహం లారీ పొట్టిగా ఉంటుంది, ఇరుకులో తేలిగ్గా మలుగుతుంది. తొలిసారి కొనేవాళ్లకు అదే సులువు. వెనక రెండు ఇరుసులున్నవి చూడ్డానికి గంభీరంగా ఉంటాయి, బరువు బాగా లాగుతాయి... ధర కూడా ఆ మేరకు పెరుగుతుంది. అసలు ట్రైలరే వద్దనుకునేవాళ్లకు టిప్పర్‌ ఉంది. దానికి జాగా తక్కువ, చేయడానికి పని ఎక్కువ. పిల్లలకైతే మట్టి పోసి ఎత్తి దించడం కంటే సంబరం ఇంకేముంటుంది!

ఒక హెచ్చరిక. జర్మనీలో 1:16 లారీలకూ పాత చరిత్ర ఉంది. కొండలెక్కేవి 1:10. చౌకగా దొరికే చైనా సైనిక ట్రక్కుల్లో చాలావరకు 1:16. ఒక కొలత లారీకి మరో కొలత ట్రైలర్‌, టైర్లు, డ్రైవరు బొమ్మ అతకవు. ఒకసారి ఎంచుకున్న కొలతే తర్వాత కొనే ప్రతి వస్తువునూ నిర్ణయిస్తుంది.

పెట్టెలో లేనివి...

దుకాణంలో పెట్టె మీద బొమ్మ చూస్తే లారీ లైట్లు వెలిగించుకుని సిద్ధంగా కనిపిస్తుంది. ఇంటికెళ్లి విప్పితే ఉండేవి... అల్యూమినియం పట్టీలు, ప్లాస్టిక్‌ ముక్కలు, గేర్లు, వందలాది స్క్రూలు, మోటారు, ఓ లావుపాటి పుస్తకం! రిమోట్‌ ఉండదు. రిసీవర్‌ ఉండదు. స్టీరింగు తిప్పే సర్వో, గేర్లు మార్చే సర్వో ఉండవు. బ్యాటరీ, ఛార్జరు, రంగులు... ఏవీ ఉండవు. ఇక ఇంజిన్‌ చప్పుడు, హారన్‌, ఇండికేటర్లు కావాలంటే వాటి యూనిట్‌ వేరే. కిట్‌ ధరే వందల డాలర్లలో ఉంటే ఆ యూనిట్‌ ధరా వందల్లోనే. కాబట్టి పెట్టె మీది ధర చూసి ఇంట్లో బడ్జెట్‌ చెప్పకూడదు. పెట్టెలో లేనివన్నీ కాగితం మీద రాసి, కూడి, ఆ తర్వాతే నోరు విప్పాలి. లేదంటే లారీ సగంలో ఆగిపోతుంది, ఇంట్లో మాట కూడా పడాల్సి వస్తుంది.

అన్నీ బిగించి సిద్ధంగా వచ్చేవీ ఉన్నాయి. కొండలెక్కే ట్రక్కుల్లో ఇవి ఎక్కువ. పెట్టె తెరిచి బ్యాటరీ పెడితే చాలు. అయితే బ్యాటరీ, ఛార్జరు వీటిలోనూ చాలాసార్లు విడిగానే కొనాలి. చేతిపని మీద ఆసక్తి లేనివాళ్లకు ఇదే మేలు. కాకపోతే చిక్కొకటి. సొంతంగా బిగించినవాళ్లకు ఏ గేరు ఎక్కడుందో తెలుస్తుంది, చెడితే బాగుచేసుకోగలరు. సిద్ధంగా కొన్నవాళ్లకు తొలిసారి చెడినప్పుడే తొలి పాఠం.

బాడీ సంగతీ చూడాలి. ట్రైలర్‌ లారీల క్యాబిన్లు గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసి వస్తాయి. అద్దాలు, వైపర్లు, మెట్లు, గ్రిల్లు స్పష్టంగా ఉంటాయి. కింద పడితే పగులుతాయి. కొండలెక్కే ట్రక్కులకు పల్చటి పాలీకార్బనేట్‌ బాడీలు ఎక్కువ. వీటికి రంగు లోపలి వైపు వేస్తారు. దొర్లినా వంగి మళ్లీ మామూలవుతాయి. అందం ముఖ్యమా, దెబ్బలు తట్టుకోవడం ముఖ్యమా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి.

ఒక ఇల్లు... ఒక స్క్రూడ్రైవర్‌

కిట్‌ బిగించడమంటే ఒక్క ఆదివారంతో అయ్యే పని కాదు. కొన్ని వారాల సాయంత్రాలు పడుతుంది. ముందు నిచ్చెనలాంటి చట్రం. తర్వాత ఇరుసులు, కమాన్‌ పట్టీలు, గేర్‌బాక్సు. చివరికి క్యాబిన్‌. ఇనుములోకి దిగే స్క్రూలు అదురుకు ఊడకుండా జిగురు మందు చుక్క వేయాలి. ప్లాస్టిక్‌లోకి దిగేవాటిని అతిగా బిగిస్తే మర పాడవుతుంది. గేర్లకు గ్రీజు మర్చిపోతే అరుపులే.

హైస్కూలు వయసు పిల్లలున్న ఇంట్లో ఇది మంచి కాలక్షేపం. డిఫరెన్షియల్‌ అంటే ఏమిటో, మొదటి గేరులో బలమెందుకు ఎక్కువో పుస్తకంలో పది పేజీలు చదివినా ఎక్కనిది చేత్తో తిప్పి చూస్తే అరనిమిషంలో ఎక్కుతుంది. పైగా నాన్న పట్టుకుంటే కూతురు బిగించాలి, కూతురు పట్టుకుంటే నాన్న బిగించాలి. టీవీ ముందు దొరకని ఆ గంట కబుర్లు ఇక్కడ దొరుకుతాయి. నాన్న ఒక్కడే రాత్రికి రాత్రి పూర్తిచేసి 'ఇదిగో నీ లారీ' అన్నాడా... ఆ పిల్లకు మిగిలేది రిమోట్‌ మాత్రమే.

అమెరికా నుంచి తెస్తుంటే...

తెలుగు ఇళ్లలో ఇలాంటివి ఎక్కువగా విదేశాల్లో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసుల్లో దిగుతుంటాయి. అప్పుడు కొన్ని జాగ్రత్తలు. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చెక్‌-ఇన్‌ సామానులో పెట్టనివ్వరు. చేతి సంచిలోనే, టెర్మినళ్లు ఒకదానికొకటి తగలకుండా కప్పి తేవాలి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ఛార్జరు రెండింటికీ పనిచేస్తుందో లేదో దాని మీదే రాసి ఉంటుంది. చూడకుండా ప్లగ్గులో పెడితే పొగే! రిమోట్‌ 2.4 గిగాహెర్ట్జ్‌ది అయితే ఇబ్బంది లేదు. తక్కువ శక్తితో పనిచేసే అలాంటి పరికరాలకు 2005 నుంచి మన దేశంలో లైసెన్సు అవసరం లేదు. పాత రిమోట్‌లలా పక్కవాళ్ల సిగ్నల్‌తో కలిసిపోదు కూడా. లారీతోపాటు ఒక జత గేర్లు, ఒక సర్వో, కొన్ని స్క్రూలు అదనంగా తెప్పించుకుంటే మరీ మంచిది. రెండొందల రూపాయల గేరు విరిగి లారీ ఏడాదిపాటు మూలపడటం ఎంత బాధ!

బ్యాటరీ మాటకొస్తే, కొత్తవాళ్లకు నికెల్‌ మెటల్‌ హైడ్రైడ్‌ రకం నయం. 7.2 వోల్టులది లారీకి సరిపోతుంది. లిథియం పాలిమర్‌ తేలిక, శక్తి ఎక్కువ... కోపమూ ఎక్కువే. సెల్‌ ఒక్కోటి మూడు వోల్టుల కంటే కిందికి దిగితే చెడిపోతుంది. దానికి తగిన ఛార్జరుతోనే, మనిషి దగ్గరుండి ఛార్జి చేయాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. రాత్రి పెట్టి పడుకోవడం అస్సలు కూడదు.

కొనేముందు... ఐదు ప్రశ్నలు

* నడపడానికి చదునైన జాగా ఉందా, రాళ్లూ ఇసుకా ఉన్నాయా?

* నడపడం ఇష్టమా, బిగించడం ఇష్టమా?

* పెట్టెలో లేనివాటితో కలిపి మొత్తం ఎంతవుతుంది?

* విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

* తర్వాత కొనాలనుకుంటున్న ట్రైలరో, తోటి బండో అదే కొలతలో ఉందా?

వెనక్కి వెళ్తేనే...

అన్నీ కుదిరి లారీ నేల మీదికి దిగిందనుకోండి. మొదటి రోజు ముందుకు తోలడంతోనే సరిపోతుంది. రెండో రోజు ట్రైలర్‌ తగిలించి వెనక్కి తోలి చూడాలి. ట్రైలర్‌ కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. కాస్త ఎక్కువైందా... లారీ, ట్రైలర్‌ కత్తెరలా ముడుచుకుపోతాయి. పైగా బండి మనకు ఎదురుగా ఉంటే కుడి ఎడమలు తారుమారు. నాలుగు గోడల డాబా మీద, రెండు అట్టపెట్టెల మధ్య ట్రైలర్‌ను తిన్నగా పెట్టడానికి వారం పడితే అది తక్కువే.

ఆ వారం తర్వాత ఓ మార్పు వస్తుంది. హైవే మీద వెళ్తూ దాబా ముందు ఇరుకు సందులోకి ట్రైలర్‌ను రివర్సు చేస్తున్న డ్రైవరు కనిపిస్తే, 'దారికి అడ్డమొచ్చాడు' అని హారన్‌ కొట్టాలనిపించదు. కారాపి చూడాలనిపిస్తుంది. తొమ్మిది కిలోలో పది కిలోలో ఉన్న బండిని తిన్నగా పెట్టడానికే అంత చెమట పడితే, నలభై టన్నులు లాగే ఆ మనిషి పనితనం ఎంతటిదో అప్పుడు అర్థమవుతుంది.